ఫోన్‌కి స్కిన్ ఇంట్లోనే వేసుకోవడం: మూలలు లేవకుండా, బుడగలు రాకుండా

విజయనగరం గంటస్తంభం దగ్గర మొబైల్ సామాన్ల కౌంటర్‌లో కూర్చుంటాను. ఫోన్ బోర్లా తిప్పి నా ముందు పెట్టి ఎక్కువమంది అడిగేది ఒకటే, వెనక అంటించే పల్చటి ఫిల్మ్ గురించి. దాన్నే స్కిన్ అంటారు. మొన్న పొందూరు నుంచి వచ్చిన ఒకావిడ మాటల్లో చెప్పాలంటే, "ఏటి బావు, నిన్న ఏసుకున్న స్కిన్ ఇయ్యాల మూల లేసిపోనాది." లేచిన మూలని ఇంకొంచెం ఎత్తి చూశాను. జిగురు మీద బొటనవేలి ముద్ర అచ్చుగుద్దినట్టు ఉంది. స్కిన్ మంచిదే, ఫోనూ మంచిదే. వేసేటప్పుడు జిగురుని వేలితో పట్టుకున్నారు, సరిగ్గా అక్కడే పట్టు పోయింది.

నా దగ్గరికి వచ్చే పాడైన స్కిన్‌లలో చాలావాటి కథ ఇదే. జిడ్డు, చెమట, దుమ్ము. అంటించడం పది నిమిషాల పని. దానికి ముందు శుభ్రానికీ, తర్వాత అంచులకీ కలిపి ఇంకో అరగంట ఇవ్వగలిగితే ఎవరైనా ఇంట్లో వేసుకోవచ్చు. ముందు ఒకసారి అంతా చదవండి. ఆ తర్వాతే ఫోన్ ముట్టుకోండి.

1. మీ చేతిలో ఉన్నది ఏ రకం ఫిల్మ్?

స్కిన్ అనే పేరుతో మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. వేసే పద్ధతి వేరు కాబట్టి ముందు ఇది తేల్చుకోవాలి.

వినైల్: రంగులు, కార్బన్ గీతలు, చెక్క, తోలు డిజైన్లతో వచ్చేది ఇదే. ఫోన్ వెనక్కీ పక్కలకీ వేస్తారు. పొడిగానే అంటించాలి. వేడి తగిలితే మెత్తబడి వంపు తిరుగుతుంది. మంచి రకమైతే జిగురు వైపు వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి, సన్నటి గళ్లో గీతలో కనిపిస్తాయి. లోపల చిక్కిన గాలి ఆ కాలవల్లోంచే బయటికి పోతుంది. అవి లేని చవక రకంలో బుడగ చిక్కితే సూది అవసరం పడుతుంది.

టీపీయూ: పారదర్శకంగా ఉండి రబ్బరులా సాగుతుంది. షాపుల్లో హైడ్రోజెల్ అని కూడా అంటారు. స్క్రీన్‌కీ వేస్తారు, వెనక్కీ వేస్తారు. పైపై గీతలు కొంతసేపటికి వాటంతటవే మాసిపోతాయి. కొన్ని పొడిగా అంటించేవి, కొన్ని తడిపి అంటించేవి. ప్యాకెట్‌లో చిన్న స్ప్రే సీసా వచ్చిందంటే మామూలుగా తడిపేదని అర్థం.

ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వెనక వేసే వినైల్ గురించే. టీపీయూ సంగతి 10వ మెట్టులో చెబుతాను.

కొనేటప్పుడు మోడల్ పేరు పూర్తిగా చూసుకోండి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిస్తే ఉంటుంది. పేరు చివర ఒక్క అక్షరం మారినా, 4జీ బదులు 5జీ అయినా కెమెరా చోటు మారిపోవచ్చు. మీ మోడల్‌కి కట్ చేసిన స్కిన్ దొరకకపోతే కట్టింగ్ మిషన్ ఉన్న షాపుకి వెళ్లి, "కట్ చేసి ఇవ్వండి చాలు, నేను వేసుకుంటాను" అని అడగండి. ఇస్తారు. షీటు కొనుక్కొచ్చి ఫోన్ మీదే బ్లేడుతో కోసే పని మాత్రం వద్దు. బ్లేడు గీత అల్యూమినియం ఫ్రేమ్ మీద పడితే ఇక పోదు.

లోహపు రేకు పొర నిజంగా ఉన్న స్కిన్‌లు కూడా కొన్ని ఉంటాయి. సిగ్నల్‌కీ, వైర్‌లెస్ ఛార్జింగ్‌కీ అవి అడ్డం పడతాయి. మామూలు వినైల్‌తో ఆ బాధ లేదు.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. స్కిన్ గీతల నుంచి కాపాడుతుంది. ఫోన్ కిందపడితే పగలకుండా ఆపదు. దానికి పౌచ్ ఉండాల్సిందే.

2. మీ ఫోన్ ఒంటికి స్కిన్ పడుతుందా?

నిగనిగలాడే గ్లాసు, నున్నటి ప్లాస్టిక్, అల్యూమినియం మీద బాగా పడుతుంది. మ్యాట్ గ్లాసు మీద పట్టు కొంచెం తక్కువ, అంచుల దగ్గర ఎక్కువ ఓపిక కావాలి. తోలులా గరుకుగా ఉండే వెనక భాగమైతే డబ్బు దండగ, వేయకండి.

అనుమానంగా ఉంటే సెల్లోటేపు పరీక్ష చేయండి. ఫోన్ వెనక శుభ్రంగా తుడిచి, రెండంగుళాల టేపు గట్టిగా అదిమి, ఒక నిమిషం ఆగి లాగండి. కాస్త మొండికేసి ఊడిందంటే స్కిన్ కూడా పడుతుంది. ముట్టుకోగానే ఊడి చేతికొస్తే స్కిన్ కూడా అలాగే వస్తుంది.

కింది వాటిలో ఏ ఒక్కటున్నా ఇక్కడే ఆగి, దాని ఎదురుగా చెప్పింది చూడండి:

- వెనక భాగం ఉబ్బినట్టున్నా, బల్ల మీద పెడితే ఫోన్ ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. నొక్కడం, వేడి చేయడం రెండూ ప్రమాదమే. నేరుగా సర్వీస్‌కి తీసుకెళ్లండి.
- వెనక గ్లాసు పగిలి ఉంటే మెలకువ కావాలి. పెంకులు చేతికి గుచ్చుకోకుండా తాత్కాలికంగా స్కిన్ వేయొచ్చు. కానీ గట్టిగా రుద్దకూడదు, తర్వాత తీసేటప్పుడు పెంకులు దాంతోపాటే వస్తాయి.
- ఈ మధ్యే గ్లాసు మార్పించి ఉంటే లోపలి గమ్ బాగా ఆరేదాకా రెండు మూడు రోజులు ఆగండి.
- ఫోన్ నీళ్లలో పడి ఇంకా ఆరకపోయి ఉంటే ఇవాళ వద్దు.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

మొదలుపెట్టాక లేచి వెతుక్కోవడం ఉండకూడదు. లేచిన ప్రతిసారీ కొత్త దుమ్ము వస్తుంది, చేతులు మళ్లీ మురికవుతాయి.

- మైక్రోఫైబర్ గుడ్డలు రెండు. ఒకటి తడికి, ఒకటి పొడికి. కళ్లజోడుతో ఇచ్చే గుడ్డ ఉతికినదైతే సరిపోతుంది.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 70 శాతం. మందుల షాపులో దొరుకుతుంది.
- గిన్నెలు తోమే లిక్విడ్, ఒక్క చుక్క చాలు.
- సెల్లోటేపు.
- పాత ఏటీఎం కార్డు. ఒక అంచుకి మెత్తటి గుడ్డ చుట్టి టేపు వేసుకోండి. షాపులో మేం వాడే అట్టకి ఇది సాటి.
- హెయిర్ డ్రయ్యర్.
- మొన దేలిన పట్టుకారు. కనుబొమల పట్టుకారు అయినా ఫర్వాలేదు.
- సన్నటి సూది.
- పళ్లపుల్లలు నాలుగైదు.
- ఫోన్‌లోనే ఉండే టార్చ్ కాకుండా వేరే టార్చ్ లైటు.

ఆల్కహాల్ బదులు చేతులకి రాసుకునే శానిటైజర్ జెల్ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో చేతులు పొడిబారకుండా గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. అది గ్లాసు మీద సన్నటి పొరగా మిగిలిపోతుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం అసలే వద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

మైక్రోఫైబర్ బదులు పాత నూలు తువ్వాలు, పంచె ముక్క తీసుకోకండి. మన పొందూరు ఖద్దరు ఒంటికి ఎంత హాయిగా ఉన్నా ఈ పనికి పనికిరాదు. నూలు గుడ్డ ఎంత ఉతికినా కంటికి కనపడని నూగు రాలుస్తూనే ఉంటుంది. స్కిన్ కింద ఒక్క పోగు ఉన్నా వేలితో తడిమితే వెంట్రుకలా తగులుతుంది.

4. వేళ, చోటు

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో స్కిన్‌కి పెద్ద శత్రువు గాలే. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి తీరం ఊళ్లలో ఫోన్ మీద సన్నటి ఉప్పు పొర పేరుకుంటుంది. కంటికి కనపడదు కానీ అరచేతితో రాస్తే జిగటగా తెలుస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్నా ఉక్కపోత వదలదు కదా.

ఫ్యాన్ వేస్తే దుమ్ము లేస్తుంది, ఆపితే చెమట పడుతుంది. ఈ ఇబ్బందికి నాకు తెలిసిన మంచి ఉపాయం పొద్దున్నే ఆరు, ఏడు గంటల మధ్య పని పెట్టుకోవడం. ఒళ్లు చల్లగా ఉంటుంది, ఫ్యాన్ ఆపినా అరగంట ఓర్చుకోవచ్చు. నుదుటికి రుమాలు కట్టుకోండి. ఏసీ ఉంటే ముందు గది చల్లబరిచి, పని మొదలుపెట్టే ముందు ఆపేయండి.

స్నానం అయిన పావుగంట తర్వాత బాత్‌రూమ్ కూడా మంచి చోటే. తడి వల్ల గాల్లో దుమ్ము కిందికి దిగిపోయి ఉంటుంది. అయితే అద్దం మీద ఆవిరి పూర్తిగా పోయాకే ఫోన్ లోపలికి తీసుకెళ్లండి.

మంచం మీద, తివాచీ మీద, సోఫాలో కూర్చుని వేయకండి. నున్నటి బల్ల తడిగుడ్డతో తుడిచి, ఆరాక దాని మీద పని చేయండి. పొట్టి చేతుల చొక్కా వేసుకోండి, గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి.

5. శుభ్రం చేయడం: ఇక్కడ తొందరపడకండి

ఫోన్ ఆఫ్ చేయండి. పౌచ్ తీసేయండి. పాత స్కిన్ ఉంటే తీసేయండి, దాని పద్ధతి 13వ మెట్టులో ఉంది.

ముందు జిడ్డు పోవాలి. తలనూనె, వంటింటి నూనె, ముఖానికి రాసుకునే క్రీము అన్నీ ఫోన్ వెనక చేరతాయి. పలాస వైపు జీడిపిక్కల పని చేసేవాళ్ల ఫోన్లు నా దగ్గరికి వస్తుంటాయి. జీడి నూనె మరక ఒక్క తుడుపుకి వదలదు, అలాంటి ఫోన్‌ని రెండు మూడు సార్లు తుడవాలి. అరకప్పు నీళ్లలో గిన్నెల లిక్విడ్ ఒక్క చుక్క వేసి, గుడ్డ ముంచి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి తుడవండి. ఆ తర్వాత మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో సబ్బు పోయేలా ఇంకోసారి తుడవండి. ఛార్జింగ్ పిన్ దగ్గర, స్పీకర్ రంధ్రాల దగ్గర తడి గుడ్డ పెట్టకండి.

ఇప్పుడు కెమెరా చుట్టూ గాడి చూడండి. టార్చ్ పక్కనుంచి వేస్తే నల్లటి మట్టి గీత కనిపిస్తుంది. మీ దగ్గర పౌచ్ ఎంత కాలం ఉందో ఆ గీత అంత లావుంటుంది. పళ్లపుల్ల మొనకి మైక్రోఫైబర్ అంచు చుట్టి, ఆల్కహాల్ తడి చేసి, గాడి వెంట ఒక చుట్టు తిప్పండి. గుడ్డ నల్లబడుతుంది. శుభ్రమైన చోటు తిప్పుకుని మళ్లీ చేయండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపకండి. వాల్యూమ్ బటన్ల చుట్టూ కూడా ఇలాగే. స్కిన్ లేవడం చాలా ఫోన్లలో ఈ గాడి దగ్గరే మొదలవుతుంది.

తర్వాత ఆల్కహాల్ గుడ్డ మీద పోసి (ఫోన్ మీద పోయకండి) వెనకంతా పైనుంచి కిందికి ఒకే దిశలో తుడవండి. అటూ ఇటూ రుద్దితే ఒకచోటి జిడ్డు ఇంకోచోటికి చేరుతుంది. నాలుగు అంచుల వంపుల్ని విడిగా, ఒక్కొక్కటి తుడవండి. ఆరేదాకా నిమిషం ఆగండి.

చివరికి టేపు. చూపుడువేలికి సెల్లోటేపు జిగురు బయటికి ఉండేలా చుట్టుకుని ఫోన్ వెనకంతా తాకిస్తూ పోండి. గుడ్డకి అందని నలుసుల్ని టేపు ఎత్తుకుపోతుంది.

అంటించే ముందు సరిచూసుకోండి:

- టార్చ్ ఏటవాలుగా వేస్తే ఒక్క నలుసు కూడా మెరవడం లేదు.
- వెలుతురులో వేలిముద్ర మచ్చ ఎక్కడా లేదు.
- కెమెరా గాడిలో నలుపు లేదు.
- చేతులు సబ్బుతో కడిగి, గాలికి ఆరబెట్టుకున్నారు. తువ్వాలుతో తుడుచుకోలేదు.

6. కాగితం తీయకుండా ఒకసారి అమర్చి చూడటం

వెనక కాగితం ఉండగానే స్కిన్‌ని ఫోన్ మీద పెట్టండి. కెమెరా రంధ్రం కెమెరాకి, ఫ్లాష్ రంధ్రం ఫ్లాష్‌కి కూర్చున్నాయా చూడండి. చుట్టూ ఎంత ఖాళీ మిగులుతోంది, రెండు వైపులా సమానంగా ఉందా చూడండి.

కెమెరా పక్కన సూదిమొనంత రంధ్రం ఉన్న ఫోన్లు చాలా ఉన్నాయి. అది రెండో మైక్. వీడియో తీసేటప్పుడు, స్పీకర్‌లో మాట్లాడేటప్పుడు అది పనిచేస్తుంది. స్కిన్‌లో దానికి రంధ్రం లేకపోతే అంటించకముందే సూదితో వేడి చేయకుండా సన్నగా పొడిచి పెట్టుకోండి. అంటించాక ఫోన్ మీద సూది పెడితే మైక్ పోతుంది. సిమ్ ట్రే రంధ్రం అనుకుని మైక్‌లో పిన్ను గుచ్చి తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి ఏది ఏమిటో ముందే గుర్తుపెట్టుకోండి.

అమరిక కుదిరిందనుకున్నాక ఫోన్ కెమెరా వైపు మీకు దూరంగా ఉండేలా బల్ల మీద పెట్టండి. ఇక దాని చోటు మార్చకండి.

7. కెమెరా దగ్గర తొలి పట్టు

చాలామంది కాగితం మొత్తం ఒకేసారి తీసేస్తారు. అప్పుడు స్కిన్ గాలికి ముడుచుకుని తనకి తానే అతుక్కుంటుంది. విడదీస్తే సాగిపోతుంది. కాబట్టి కాగితం మూడు వంతులు అలాగే ఉంచాలి.

కెమెరా వైపు నుంచి రెండు వేళ్ల వెడల్పు మాత్రమే కాగితం తీసి, వెనక్కి మడిచి గీత పడేలా నొక్కండి. బయటపడ్డ జిగురుని వేలితో ముట్టుకోవద్దు. ముట్టుకోవాల్సి వస్తే చివరి మూలని పట్టుకారుతో పట్టుకోండి.

ఇప్పుడు స్కిన్‌ని ఫోన్‌కి ఒక అంగుళం పైన, రెండు చేతులతో కాగితం ఉన్న చివరని పట్టుకుని ఆపండి. కెమెరా రంధ్రాన్ని గురి చూసి, దాని అంచు కెమెరా అంచుతో కలిసేలా మెల్లగా దించండి. అదమకండి, తాకించి వదలండి. వంకర ఉంటే ఈ దశలో మెల్లగా ఎత్తి మళ్లీ వేయొచ్చు, జిగురు ఇంకా పట్టలేదు. ఎత్తేటప్పుడు నిదానంగా, నేరుగా పైకి. పక్కకి లాగితే రంధ్రం సాగిపోతుంది.

కెమెరా చుట్టూ సమానంగా కూర్చుందని, కింది చివర ఫోన్ మధ్యగీతతో కలుస్తోందని రెండూ చూసుకున్నాకే కెమెరా పక్కన వేలితో అదమండి. ఇక్కడ అర మిల్లీమీటరు వంకర ఉంటే కిందికి వెళ్లేసరికి రెండు మిల్లీమీటర్లవుతుంది. కాబట్టి ఈ ఒక్కచోట ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

8. పరుచుకుంటూ పోవడం

ఎడమచేత్తో కాగితం కిందికి కొద్దికొద్దిగా లాగుతూ, కుడిచేతిలో గుడ్డ చుట్టిన కార్డుతో మధ్య నుంచి రెండు పక్కలకి తోయండి. ఒక్కో తోపుకి అర అంగుళం ముందుకి. స్కిన్ ఫోన్‌కి తాకకుండా కొంచెం ఎత్తుగానే ఉండాలి, కార్డు వెళ్లాకే అది కిందికి దిగాలి.

స్కిన్‌ని లాగి బిగించకండి. మా మేనల్లుడి ఫోన్‌కి ఇలాగే జరిగింది. కింది అంచు ఒక మిల్లీమీటరు తక్కువొచ్చిందని సాగదీసి సరిచేశాడు. ఆ రోజు చూస్తే ముచ్చటగా ఉంది. మూడో రోజుకి స్కిన్ తన కొలతకి తాను వెనక్కి పోయి, అంచు పక్కన జిగురు గీత నల్లగా తేలింది. వినైల్‌ని ఎంత సాగదీస్తే అంత వెనక్కి వెళ్లాలని చూస్తుంది. తక్కువొస్తే తక్కువగానే, రెండు వైపులా సమానంగా వదిలేయండి.

అంచుల వంపు దగ్గరికి రాగానే ఆపండి. ఇప్పటికి చదునైన భాగం మాత్రమే అంటాలి. వంపు మీద స్కిన్ ఇంకా గాల్లో ఉండాలి.

9. అంచులు, మూలలు

దీనికి వేడి కావాలి, ఎక్కువ వేడి మాత్రం వద్దు. ఫోన్ తయారీ కంపెనీలే జాగ్రత్త చెబుతాయి. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల వేడి ఉన్న చోట్ల వాడమని యాపిల్ చెబుతుంది. బ్యాటరీకి వేడి పడదు. పైగా రిపేరు వాళ్లు వెనక గ్లాసు ఊడదీయడానికి వాడేది కూడా వేడే. మనం వేడి చేయాల్సింది ఫిల్మ్‌ని, ఫోన్‌ని కాదు.

డ్రయ్యర్ మధ్య వేడిలో పెట్టి, ముందు మీ మణికట్టు లోపలి వైపు జానెడు దూరం నుంచి గాలి పట్టండి. మూడు సెకన్లు ఓర్చుకోగలిగితే అది సరైన వేడి. చురుక్కుమంటే ఇంకొంచెం దూరం. హీట్ గన్ వద్దు, దాని గాలి వందల డిగ్రీలకి పోతుంది. ఇస్త్రీపెట్టె, గ్యాసుపొయ్యి, కొవ్వొత్తి మాట తలపెట్టకండి.

ముందు పొడుగు అంచులు. ఒక అంచు మొత్తం మీద నాలుగైదు సెకన్లు డ్రయ్యర్ ఆడిస్తూ పోయి, ఆపి, వెంటనే గుడ్డ చుట్టిన వేలితో వంపు మీదకి ఒత్తుతూ మధ్య నుంచి చివరలకి జరపండి. తర్వాత రెండో అంచు. తర్వాత పొట్టి అంచులు. మూలలు అన్నిటికన్నా ఆఖరున.

మూల దగ్గర జరిగేది కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే పని చెడేది ఇక్కడే. నాలుగు అంచులూ దిగాక మూల దగ్గర స్కిన్ చిన్న గొడుగులా లేచి నిలబడుతుంది. అక్కడ మిగులు పదార్థం ఉంది, అది ఎక్కడికో ఒకచోటికి పోవాలి. చల్లగా ఉండగా నొక్కితే మడత పడుతుంది, మడత ఒకసారి పడితే తెల్లటి గీతగా మిగిలిపోతుంది.

అరిటాకుని నిప్పు సెగ మీద ఒక్కసారి తిప్పితే ఎలా మెత్తబడి, ఎటు మడిచినా చీలకుండా ఉంటుందో స్కిన్ కూడా అంతే. ఐదు సెకన్లు వేడి పట్టి చూడండి. మెరుపు కొంచెం మారుతుంది, లేచి నిలబడ్డ గొడుగు తనంతట తానే కాస్త వాలుతుంది. ఆ క్షణం పట్టుకోవాలి. బొటనవేలికి గుడ్డ చుట్టి, మూల నడిమధ్యని ముందు అదమండి, అక్కడి నుంచి ఎడమకి సగం, కుడికి సగం తోయండి. మిగులు రెండు వైపులకీ పంచుకుపోతుంది. ఒత్తిన వేలు పది సెకన్లు కదపకండి. స్కిన్ చల్లారేదాకా పట్టుకుంటేనే ఆ ఆకారం నిలుస్తుంది. వేడిగా ఉండగా వదిలేస్తే మళ్లీ లేస్తుంది.

మొదటిసారి దిగకపోతే తీసి మళ్లీ వేడి చేయండి. ఒక మూలకి మూడు సార్లు పట్టడం మామూలే. ప్రతి మూల తర్వాత ఫోన్ వెనక చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే రెండు నిమిషాలు ఆగండి.

నాలుగూ అయ్యాక చివరిగా అంచులన్నిటి మీదా ఒకసారి తేలిగ్గా వేడి తిప్పి, గుడ్డతో ఒక చుట్టు ఒత్తండి. కొన్ని స్కిన్‌లకి మూల దగ్గర ముందే చిన్న కోత ఉంటుంది. వాటికి ఇంత శ్రమ అక్కర్లేదు, కోత రెండు పెదవులూ ఒకదాని పక్కన ఒకటి దిగేలా నొక్కితే చాలు. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.

10. తడిపి వేసే టీపీయూ

శుభ్రం, చోటు, టేపు అన్నీ పైన చెప్పినవే. తేడా నీళ్ల దగ్గర. స్ప్రే సీసా ఖాళీ అయిపోతే కప్పు నీళ్లలో పసిపిల్లల షాంపూ రెండు చుక్కలు కలుపుకోండి.

ఛార్జింగ్ పిన్, స్పీకర్, మైక్ రంధ్రాల మీద టేపు వేయండి. ఫోన్ మీద ఎప్పుడూ స్ప్రే చేయకండి. ఫిల్మ్ జిగురు వైపు, మీ వేలి కొసలు తడపండి. తడిగా ఉంటే ఫిల్మ్ జారుతుంది, దాన్ని చోటులో పెట్టుకోవడం తేలిక. చోటు కుదిరాక మధ్య నుంచి బయటికి కార్డుతో నీళ్లు తోసి, వచ్చిన నీటిని వెంటనే గుడ్డకి పీల్పించండి. తోసిన నీళ్లు రంధ్రాల వైపు పోకుండా చూడండి.

మొదటి రోజు మసకగా, చిన్న చిన్న తడి మచ్చలతో కనిపిస్తుంది. కంగారుపడి ఎత్తకండి. రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. కనీసం కొన్ని గంటలు ఫోన్ ఆన్ చేయకుండా, ఛార్జింగ్ పెట్టకుండా ఉంచండి.

11. తప్పు జరిగితే ఏం చేయాలి

కింద నలుసు చిక్కింది: దాని దగ్గరున్న అంచు నుంచి స్కిన్ నిదానంగా ఎత్తండి, నలుసు దాటి అర అంగుళం దాకా. నలుసు ఫోన్ మీద ఉందా, జిగురు మీద ఉందా చూడండి. ఏ వైపు ఉన్నా టేపు చుట్టిన వేలితో తాకితే టేపుకి వచ్చేస్తుంది. ఊదకండి, నోటి తడి పడుతుంది. మళ్లీ కార్డుతో దించండి.

బుడగ మిగిలింది: ముందు కార్డుతో దగ్గరి అంచు వైపు తోయండి. చిన్నవైతే ఒక రోజు వదిలేయండి, కాలవలున్న స్కిన్‌లో వాటంతటవే పోతాయి. పోకపోతే బుడగ అంచున, పడుకోబెట్టిన సూదితో ఒకే ఒక్క పోటు పొడిచి, వేలితో ఆ పోటు వైపు గాలి తోయండి. నిలువుగా పొడిస్తే మొన ఫోన్‌కి గీత పెడుతుంది.

మూల లేస్తోంది: జిగురు మురికైందా లేదా చూడండి. శుభ్రంగా ఉంటే మళ్లీ వేడి చేసి పది సెకన్లు ఒత్తి పట్టుకోవడమే. జిడ్డు పట్టి ఉంటే ఆ ముక్క నిలవదు. ఫెవిక్విక్ చుక్క వేసి అంటించాలని అనిపిస్తుంది, వేయకండి. ఆరాక తెల్లటి మచ్చ పడుతుంది, రంధ్రాల్లోకి పోతే తీయలేం. లేచిన అర మిల్లీమీటరుని పదునైన చిన్న కత్తెరతో వంపుగా కత్తిరించేయడం మేలు.

మడత గీత పడింది: వెంటనే అయితే వేడి చేసి, మెల్లగా విప్పి, మళ్లీ వేయొచ్చు. తెల్లగీత పడిపోయాక అది పోదు.

మొత్తం వంకరగా వచ్చింది: గంట దాటకపోతే వేడి చేసి, కింది వైపు నుంచి మొత్తం ఎత్తి, 7వ మెట్టు నుంచి మళ్లీ వేయండి. వినైల్ ఒకటి రెండు సార్లు ఓర్చుకుంటుంది. అంతకు మించి ఎత్తితే సాగిపోతుంది.

ఫోన్ బటన్ గట్టిగా పనిచేస్తోంది: పక్క అంచు స్కిన్ బటన్ గాడిలోకి దిగి ఉంటుంది. ఆ ముక్కని పట్టుకారుతో బయటికి తీసి వేరే ముక్కగా వేయండి. వేలిముద్ర సెన్సర్ పక్క బటన్‌లో ఉన్న ఫోన్‌లో సెన్సర్ మీద స్కిన్ అస్సలు రాకూడదు.

12. మొదటి మూడు రోజులు

జిగురు పూర్తిగా పట్టడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఈ జాగ్రత్తలు:

- మొదటి రోజు పౌచ్ వేయకండి. బిగుతు పౌచ్ అంచుని లాగి లేపుతుంది.
- ఎండలో, బండి డిక్కీలో, వంటింటి గట్టు మీద పెట్టకండి.
- తడి తగలనివ్వకండి. సిరిమాను జాతరకి, అరసవల్లి దర్శనానికి జనంలో వెళ్లే రోజైతే ముందు రోజు వేయకండి, చెమట చేతుల మధ్య ఫోన్ నలుగుతుంది.
- జీన్స్ వెనక జేబులో పెట్టకండి.
- రెండో రోజు పొద్దున్న నాలుగు మూలలూ గోటితో మెల్లగా తడిమి చూడండి. ఏదైనా లేస్తున్నట్టు ఉంటే అప్పుడే వేడి చేసి ఒత్తేయండి. వారం తర్వాత అయితే దాని కింద దుమ్ము చేరి ఉంటుంది.

తర్వాత వారానికోసారి తడిపి పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. తీరం ఊళ్లలో ఉండేవాళ్లు, చేపల పనిలో ఉండేవాళ్లు రెండు రోజులకోసారి తుడవండి.

13. పాత స్కిన్ తీయడం

గోటితో చల్లగా ఉండగానే గీకితే ముక్కలు ముక్కలుగా వస్తుంది, జిగురు ఫోన్ మీదే మిగులుతుంది. ఒక మూలని పది సెకన్లు వేడి చేసి, గోటితో ఎత్తి, వచ్చిన ముక్కని వెనక్కి పూర్తిగా మడిచి, ఫోన్‌కి దాదాపు ఆనుకునేలా పట్టుకుని నిదానంగా లాగండి. నిలువుగా పైకి లాగకండి. మధ్య మధ్యలో ముందున్న భాగాన్ని వేడి చేస్తూ పోండి. కెమెరా దగ్గరికి రాగానే ఇంకా నెమ్మదించండి, కెమెరా అద్దం చుట్టూ ఉన్న రింగు కొన్ని ఫోన్లలో జిగురుతోనే నిలబడి ఉంటుంది.

జిగురు మచ్చలు మిగిలితే వాటి మీద రెండు చుక్కల కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలేయండి, తర్వాత వేలితో రుద్దితే ఉండలు కట్టి వచ్చేస్తుంది. రంధ్రాలకి దూరంగా రాయండి. నూనె వాడారు కాబట్టి కొత్త స్కిన్ అదే రోజు వేస్తున్నా సరే, ఆల్కహాల్‌తో ఒక తుడుపు తుడిచి సరిపెట్టకండి. 5వ మెట్టులో గిన్నెల లిక్విడ్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.